టీవీని కంప్యూటర్ మానిటర్‌గా వాడటం ఎలా? స్మార్ట్ ఫీచర్లను దూరం పెట్టి, అక్షరాలు తేటగా కనిపించేలా చేసే పూర్తి పద్ధతి

టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చగానే బొమ్మ వచ్చేస్తుంది. చిక్కులు ఆ తర్వాత మొదలవుతాయి. అక్షరాల అంచులు చెదిరినట్టుంటాయి, టాస్క్‌బార్ సగం కనిపించదు, మౌస్ కదిపిన కాసేపటికి గానీ బాణం కదలదు, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ తెరకు బదులు యాప్‌ల పేజీ ఎదురొస్తుంది. ఇలా జరిగిందని టీవీ పాడైందనుకోకండి. లోపలికి వచ్చేదంతా సినిమాయే అనుకుని అది మెరుగులు దిద్దుతోంది. వచ్చేది కంప్యూటర్ బొమ్మ అని దానికి చెప్పాలి, అదీ నాలుగైదు చోట్ల చెప్పాలి.

ఏ పని ముందు, ఏది వెనక అన్నది ఇక్కడ ముఖ్యం. మొదట నెట్ లేకుండా టీవీ సెటప్, తర్వాత పోర్టు, కేబుల్, ఆ తర్వాత టీవీ సెట్టింగులు, ఆఖరున కంప్యూటర్. కేబుల్ తగిలించగానే టీవీ తనకు ఏమేం చేతనవునో ఒక చిట్టా కంప్యూటర్‌కు పంపుతుంది. దాన్ని ఈడీఐడీ అంటారు. టీవీలో సెట్టింగు మారితే ఆ చిట్టా కూడా మారుతుంది. అందుకే కంప్యూటర్ పని ముందు ముగించుకున్నవాళ్లు అదే పని రెండోసారి చేయాల్సి వస్తుంది.

## 1. ముందు ఈ టీవీ పనికొస్తుందో లేదో చూడండి

మానిటర్‌గా వాడేటప్పుడు తెర ఎంత పెద్దది అన్నదానికంటే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయన్నదే లెక్క. సాధారణ 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి దాదాపు 92 పిక్సెళ్లు ఉంటాయి. దాంతో పోల్చి చూడండి:

- 32 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ: సుమారు 69. దగ్గర కూర్చుంటే అక్షరాలు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి.
- 43 అంగుళాలు, 4కె: సుమారు 102. బల్ల మీదికి బాగా సరిపోయే కొలత ఇదే.
- 48 అంగుళాలు, 4కె: సుమారు 92. నాలుగు 24 అంగుళాల మానిటర్లను మధ్యలో గీత లేకుండా అతికించినట్టే.
- 55 అంగుళాలు, 4కె: సుమారు 80. మీటరు దాటి కూర్చునే వీలుంటేనే తీసుకోండి.
- 65 అంగుళాలు, 4కె: సుమారు 68. బల్ల మీద పెట్టే వస్తువు కాదు.

43 అంగుళాల తెర వెడల్పు దాదాపు 95 సెంటీమీటర్లు, ఎత్తు 54. దానికి 80 నుంచి 90 సెంటీమీటర్ల దూరం కావాలి. బల్ల లోతు 60 సెంటీమీటర్లే అయితే టీవీని బల్ల మీద కాకుండా వెనక గోడకు బిగించండి. తెర ఎంత కిందికి ఉంటే మెడకు అంత హాయి. పై అంచు కళ్ల ఎత్తును కాస్త దాటినా పర్లేదు, పై భాగాన్ని అప్పుడప్పుడు చూసే విండోలకు వదిలేయవచ్చు.

ప్యానెల్ రకం కూడా తెలుసుకోండి. వీఏ ప్యానెల్‌కు ఎదురుగా కూర్చుంటే నలుపు గాఢంగా ఉంటుంది, కానీ దగ్గర నుంచి చూసినప్పుడు మూలలు వెలిసినట్టు కనిపిస్తాయి. పగలంతా పని చేసుకునే తెరకు ఐపీఎస్ మేలు. ఇక కొన్ని చవక 4కె టీవీల్లో ఆర్‌జీబీడబ్ల్యూ ప్యానెల్ వాడతారు. ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పూర్తిగా ఉండవు, మధ్యమధ్య తెలుపు దూరుతుంది. సినిమాలో అది తెలియకపోవచ్చు గానీ సన్నటి అక్షరాల్లో కచ్చితంగా తెలుస్తుంది. ఏ సెట్టింగూ దాన్ని సరిచేయలేదు.

డబ్బా మీద రాసే ‘మోషన్ రేట్ 120’, ‘240’ లాంటి అంకెలను నమ్మకండి. అవి ప్రచారానికి పెట్టుకున్న లెక్కలు, చాలా మోడళ్లలో అసలు ప్యానెల్ 60 హెర్ట్జే, అంటే బొమ్మ సెకనుకు 60 సార్లే మారుతుంది. వివరాల పట్టికలో ‘నేటివ్ రిఫ్రెష్ రేట్’ అన్న గడి చూడండి.

కొనే ముందు సరిచూసుకోవాల్సినవి:

- 60 హెర్ట్జ్ దగ్గర 4కె, 4:4:4 క్రోమా (ప్రతి పిక్సెల్‌కూ రంగు విడిగా అందడం) తీసుకుంటుందా?
- పీసీ మోడ్ గానీ, గ్రాఫిక్స్ మోడ్ గానీ ఉందా?
- నెట్ లేకుండా, అకౌంట్ లేకుండా మొదటి సెటప్ పూర్తవుతుందా?
- ఆన్ చేయగానే చివరిగా వాడిన ఇన్‌పుట్‌కే వెళ్లేలా పెట్టవచ్చా?
- కాళ్ల మధ్య దూరం మీ బల్లకు సరిపోతుందా? గోడకైతే వెసా కొలత (వెనక బిగింపు రంధ్రాల మధ్య దూరం), స్క్రూ మందం ఎంత?

## 2. మొదటి సెటప్: నెట్ అడిగినప్పుడల్లా ‘స్కిప్’

తెర పని చేసే వస్తువుకు ఇంటర్నెట్‌తో ఏ అవసరమూ లేదు. సినిమాలు, సిరీస్‌లు ఎలాగూ కంప్యూటర్‌లోనే చూస్తారు. కాబట్టి వైఫై పాస్‌వర్డ్ టీవీకి ఒక్కసారి కూడా ఇవ్వకండి. ‘అప్‌డేట్ కోసం ఒక్కసారి కలిపి తీసేద్దాం’ అనుకోవడమే మొదటి పొరపాటు. ఆ ఒక్కసారిలోనే హోమ్ పేజీ నిండా ప్రకటనలు దిగిపోవచ్చు, అప్పటిదాకా బాగున్న మెనూ మారిపోవచ్చు.

1. కరెంటు పెట్టే ముందు టీవీకి నెట్‌వర్క్ కేబుల్ తగిలి లేదని చూసుకోండి.
2. భాష, దేశం ఎంచుకోండి.
3. ఫోన్‌తో సెటప్ చేస్తారా, రిమోట్‌తోనా అని అడిగితే రిమోటే ఎంచుకోండి. ఫోన్‌తో చేస్తే అకౌంటు, వైఫై రెండూ వెంట వచ్చేస్తాయి.
4. వైఫై జాబితా వచ్చినప్పుడు ‘స్కిప్’ నొక్కండి. కొన్నిటిలో అది జాబితా అట్టడుగున ఉంటుంది, కొన్నిటిలో వెనక్కి బాణం నొక్కితే గానీ బయటపడదు. గూగుల్ టీవీల్లో ‘బేసిక్ టీవీ’ అనే దారి కనిపిస్తే అదే పట్టుకోండి.
5. షరతుల పేజీలో ‘అన్నీ ఒప్పుకుంటున్నాను’ అని గంపగుత్తగా టిక్ పెట్టకండి. తప్పనిసరి అన్నవి మాత్రం ఒప్పుకుని, చూసే అలవాట్ల సమాచారం, ఆసక్తులను బట్టి ప్రకటనలు, మాటల గుర్తింపు వదిలేయండి.
6. ‘హోమ్’ మోడా, ‘స్టోర్’ మోడా అంటే హోమ్. స్టోర్ మోడ్‌లో వెలుగు కళ్లు చెదిరేలా ఉంటుంది, డెమో బొమ్మలు తిరుగుతుంటాయి, మార్చుకున్న సెట్టింగులు నిలవవు.

నెట్ లేకుండా ముందుకు కదలనే కదలనని మొండికేసే టీవీ అయితే, వెనక్కి ఇచ్చే గడువు ఉండగానే ఇచ్చేయడం నయం. అది ముందు ముందు ఇంకా చాలా అడుగుతుంది.

## 3. ఇప్పటికే నెట్‌కు కలిపేసి ఉంటే

ఇక్కడ కాస్త ఆగి చెప్పుకోవాలి. ‘నేను యాప్‌లేవీ వాడను, హెచ్‌డీఎంఐ మాత్రమే వాడతాను, ఇక టీవీకి ఏం తెలుస్తుంది’ అని చాలామంది అనుకుంటారు. స్మార్ట్ టీవీల్లో ఏసీఆర్ అనే ఏర్పాటు ఉంటుంది. అది తెర మీద ఉన్న బొమ్మ నుంచే కొన్ని గుర్తులు తీసి, వేలిముద్రలా మలిచి, సర్వర్‌లోని జాబితాతో పోల్చుతుంది. బొమ్మ ఏ దారిన వచ్చిందన్నది దానికి పెద్దగా పట్టదు. 2024లో యూనివర్సిటీ కాలేజ్ లండన్, యూసీ డేవిస్ తదితర విశ్వవిద్యాలయాల పరిశోధకులు శాంసంగ్, ఎల్‌జీ టీవీల నుంచి బయటికి వెళ్లే ట్రాఫిక్‌ను కొలిచారు. టీవీని హెచ్‌డీఎంఐతో బయటి తెరగా వాడుతున్నప్పుడు కూడా ఏసీఆర్ నడుస్తోందని, సెట్టింగుల్లో వద్దని చెప్పాక ఆగిపోతోందని తేల్చారు. తెర మీద ఉన్నది మీ ఉత్తరాలు, మీ లెక్కలు అయినప్పుడు ఈ విషయం చిన్నదేమీ కాదు.

వరుసగా ఇవి చేయండి:

1. ఏసీఆర్ ఆపండి. పేరులో ‘ఏసీఆర్’ అని ఎక్కడా ఉండదు, అందుకే దొరకదు. శాంసంగ్‌లో ‘వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్’, ఎల్‌జీలో ‘లైవ్ ప్లస్’, సోనీలో ‘సాంబా ఇంటరాక్టివ్ టీవీ’, రోకులో ‘యూజ్ ఇన్ఫో ఫ్రమ్ టీవీ ఇన్‌పుట్స్’, విజియోలో ‘వ్యూయింగ్ డేటా’ అని వెతకండి.
2. నెట్‌వర్క్ మెనూలో వైఫైని ‘ఫర్గెట్’ చేయండి. ఊరికే డిస్‌కనెక్ట్ చేస్తే తర్వాతి ఆన్‌లో మళ్లీ కలుస్తుంది.
3. ఫ్యాక్టరీ రీసెట్ చేసి, పైన చెప్పిన రెండో అంచె మొదటి నుంచి చేయండి. పాత అకౌంటు, ఒప్పుకున్న షరతులు అన్నీ ఒకేసారి పోతాయి.
4. ఇంట్లో ఎవరైనా మళ్లీ కలిపేస్తారని అనుమానముంటే రౌటర్‌లో టీవీ మ్యాక్ అడ్రస్‌ను (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య) బ్లాక్ చేయండి. వైఫైకి ఒకటి, వైరు పోర్టుకు ఒకటి, రెండు వేర్వేరు అడ్రసులుంటాయి. రెండూ రాసుకుని రెండూ బ్లాక్ చేయాలి.

డీఎన్‌ఎస్ (సైట్ పేరును నెట్ చిరునామాగా మార్చే ఏర్పాటు) స్థాయిలో ప్రకటనలు ఆపే పై-హోల్ లాంటివి ఇక్కడ సగం పనే చేస్తాయి. తన డీఎన్‌ఎస్ తానే వెంట తెచ్చుకునే పరికరం వాటిని దాటిపోతుంది. నెట్ ఇవ్వకపోవడం అంత గట్టి ఉపాయం మరొకటి లేదు.

‘కంప్యూటర్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ గుండా టీవీకి నెట్ వెళ్లిపోదా’ అని అడుగుతుంటారు. ఆ ఏర్పాటు హెచ్‌డీఎంఐ 1.4 ప్రమాణంలో కాగితం మీద ఉంది గానీ, అమ్మకంలో ఉన్న గ్రాఫిక్స్ కార్డులూ టీవీలూ దాన్ని దాదాపుగా వాడవు. దాని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

బ్లూటూత్, స్క్రీన్ షేరింగ్, వైఫై డైరెక్ట్ కూడా ఆపేయండి. లేకపోతే పక్కింటివాళ్ల ఫోన్ నుంచి ‘కనెక్ట్ కానివ్వాలా’ అన్న పెట్టె సరిగ్గా మీటింగ్ మధ్యలో తెర మీదికొస్తుంది. టీవీ అడుగున మైక్ స్విచ్ ఉంటే దాన్ని ఆఫ్ వైపు జరపండి.

పాత ఫర్మ్‌వేర్‌లో (టీవీని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) నిజంగా ఏదైనా లోపముంటే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేయవచ్చు. తయారీదారు సైట్ నుంచి మీ మోడల్ ఫైలు దించి, ఫ్యాట్32 ఫార్మాట్ పెన్‌డ్రైవ్‌లో వేయండి. ఎల్‌జీలో ఆ ఫైలు ‘ఎల్‌జీ_డీటీవీ’ అనే ఫోల్డర్‌లో ఉండాలి (ఫోల్డర్ పేరు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో). లోపమేమీ లేకపోతే అప్‌డేట్ జోలికి వెళ్లకండి.

## 4. ఆన్ చేయగానే కంప్యూటరే కనిపించాలి

- శాంసంగ్: స్టార్ట్ స్క్రీన్ ఆప్షన్లలో ‘ఆటోరన్ స్మార్ట్ హబ్’, ‘ఆటోరన్ లాస్ట్ యాప్’ రెండూ ఆఫ్.
- ఎల్‌జీ: జనరల్ సెట్టింగుల్లో ‘హోమ్ ఆటో లాంచ్’ ఆఫ్.
- గూగుల్ టీవీ రకాలు: పవర్ మెనూలో ఆన్ అయినప్పుడు ఏం చూపాలన్న చోట ‘చివరి ఇన్‌పుట్’.

ఆ పక్కనే మరొక ఉచ్చు ఉంటుంది. రిమోట్ తాకకుండా నాలుగు గంటలు గడిస్తే ఎవరూ చూడటం లేదనుకుని టీవీ తనంతట తాను ఆగిపోతుంది. మీరు కీబోర్డు మీద టకటకలాడిస్తున్న సంగతి దానికి తెలియదు. ‘ఆటో పవర్ ఆఫ్’ మెనూలో దాన్ని తీసేయండి. ‘సిగ్నల్ లేకపోతే ఆఫ్’ అన్నది వేరు. అది మనకు మంచిదే, అలాగే ఉంచండి.

## 5. పోర్టు, కేబుల్, అడాప్టర్

హెచ్‌డీఎంఐ 1.4 దారి వెడల్పు సెకనుకు 10.2 గిగాబిట్లు, 2.0కు 18, 2.1కు 48. 60 హెర్ట్జ్ దగ్గర 4కె బొమ్మ ఏ రంగూ తగ్గించకుండా పోవాలంటే 18 ఉండాలి. 1.4లో ఇరికిస్తే 30 హెర్ట్జే వస్తుంది. అప్పుడు మౌస్ బాణం గెంతులేస్తున్నట్టు కదులుతుంది, పేజీ జరిపితే అక్షరాలు వణుకుతాయి.

- టీవీలోని అన్ని పోర్టులూ సమానం కావు. పక్కన ‘4కె 60’, ‘4కె 120’ అని రాసి ఉన్న పోర్టు తీసుకోండి. ‘ఏఆర్‌సీ’ అన్నది సౌండ్‌బార్‌కు అవసరమైతే దానికి వదలండి.
- 60 హెర్ట్జ్‌కు ‘ప్రీమియం హై స్పీడ్’ కేబుల్, 120కి ‘అల్ట్రా హై స్పీడ్’ కేబుల్. 2 మీటర్లు చాలనుకుంటే 5 మీటర్లది కొనకండి. కేబుల్ పొడుగైన కొద్దీ మెరుపులు, క్షణకాలం నల్లబడటం మొదలవుతాయి.
- యూఎస్‌బీ-సీ హబ్ వాడేవాళ్లు దాని మీద హెర్ట్జ్ ఎంత రాశారో చూడండి. ‘4కె హెచ్‌డీఎంఐ’ అని మాత్రమే ఉంటే అది 30 హెర్ట్జే అయ్యే అవకాశం ఎక్కువ.
- కంప్యూటర్‌లో డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఖాళీగా ఉంటే, ‘యాక్టివ్’ రకం డిస్‌ప్లేపోర్ట్–హెచ్‌డీఎంఐ 2.0 అడాప్టర్ కావాలి. మామూలు పాసివ్ రకం 4కె 60 ఇవ్వదు.
- డెస్క్‌టాప్‌లో కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు కాక గ్రాఫిక్స్ కార్డు పోర్టుకు తగిలించండి. చెప్పనక్కర్లేని మాటే, అయినా తప్పు జరిగేది ఇక్కడే.

## 6. టీవీ వైపు సెట్టింగులు

ఈ క్రమంలోనే చేయండి, ఒకటి మార్చితే దాని కింది మెనూలు మారిపోతుంటాయి.

మొదట పోర్టు పూర్తిగా తెరవండి. చాలా టీవీల్లో హెచ్‌డీఎంఐ పోర్టు పాత పరికరాల కోసం తగ్గించిన వేగంతో వస్తుంది. శాంసంగ్‌లో ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’, ఎల్‌జీలో ‘హెచ్‌డీఎంఐ డీప్ కలర్’, సోనీలో ‘హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్’ కింద ‘ఎన్‌హాన్స్‌డ్’. మీ కేబుల్ ఉన్న పోర్టుకే ఆన్ చేశారో లేదో అంకె చూసి మరీ సరిచూసుకోండి.

రెండోది, పీసీ అని చెప్పండి. శాంసంగ్‌లో సోర్స్ జాబితాలో ఆ హెచ్‌డీఎంఐ మీద నిలబడి ‘ఎడిట్’ నొక్కి పరికరం రకాన్ని ‘పీసీ’ చేయాలి. ఎల్‌జీలో హోమ్ డ్యాష్‌బోర్డులో ఇన్‌పుట్ బొమ్మను ‘పీసీ’ బొమ్మగా మార్చాలి. పేరు మార్చడం చాలదు, బొమ్మ మారాలి. సోనీలో పిక్చర్ మోడ్ ‘గ్రాఫిక్స్’. ఇవేవీ లేని టీవీలో గేమ్ మోడ్ ప్రయత్నించండి. ఇలా చేశాక కొన్ని మెనూలు బూడిదరంగులోకి పోయి నొక్కనివ్వవు. మెరుగులు దిద్దే యంత్రాంగం ఆగిందనడానికి అదే గుర్తు, కంగారు పడకండి.

మూడోది, అంచులు. పాత ప్రసారాల అలవాటుతో టీవీ బొమ్మను కాస్త సాగదీసి అంచులు కోసేస్తుంది. శాంసంగ్‌లో ‘ఫిట్ టు స్క్రీన్’, ఎల్‌జీలో ‘జస్ట్ స్కాన్’, సోనీలో ‘ఫుల్ పిక్సెల్’. దీన్ని కంప్యూటర్ వైపు ‘స్కేలింగ్’ స్లైడర్‌తో సరిచేసుకునేవాళ్లున్నారు. బొమ్మ తెరలో ఇముడుతుంది, కానీ రెండుసార్లు సాగి కుంచించుకోవడంతో ప్రతి అక్షరమూ మసకబారుతుంది. వ్యాధి టీవీలో ఉంటే మందు కంప్యూటర్‌కు వేసినట్టు.

మిగతావి ఒక్క చూపులో:

- షార్ప్‌నెస్ 0. కొన్ని సోనీ మోడళ్లలో మాత్రం 50 అంటేనే మార్పు లేనట్టు, అక్కడ 0 పెడితే మసకవుతుంది.
- మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్, డైనమిక్ కాంట్రాస్ట్: ఆఫ్.
- లోకల్ డిమ్మింగ్ (తెర వెనక వెలుగును భాగాలుగా తగ్గించడం): ఆఫ్ లేదా లో. ఆన్‌లో ఉంటే నల్లటి విండో మీద మౌస్ బాణం చుట్టూ వెలుగు మచ్చ కదులుతుంది.
- ఎనర్జీ సేవింగ్, గది వెలుగును బట్టి మారే ఆటో బ్రైట్‌నెస్: ఆఫ్. తెల్ల పేజీ తెరిస్తే తగ్గి, నల్ల పేజీకి పెరిగే తెర ముందు గంట కూర్చుంటే తలనొప్పి ఖాయం.
- కలర్ టెంపరేచర్: వార్మ్. మొదటి రోజు పసుపుగా అనిపిస్తుంది, రెండు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది.
- వెలుగు తగ్గించేది ‘బ్యాక్‌లైట్’తో. పాత మెనూల్లో ‘బ్రైట్‌నెస్’ నలుపు స్థాయిని మారుస్తుంది, దాన్ని తగ్గిస్తే చీకటి వివరాలన్నీ కలిసిపోతాయి. తెల్ల పేజీ, పక్కనే ఉన్న తెల్ల కాగితం ఒకే వెలుగులో కనిపించేదాకా బ్యాక్‌లైట్ దించండి.

## 7. కంప్యూటర్ వైపు సెట్టింగులు

టీవీ సెట్టింగులు ముగిశాక హెచ్‌డీఎంఐ కేబుల్ ఒకసారి తీసి మళ్లీ గుచ్చండి. కొత్త ఈడీఐడీ చిట్టా అప్పుడు చేరుతుంది. ఈ చిన్న పని మరిచిపోయే ‘అన్నీ చేశాను, 60 హెర్ట్జ్ రావడం లేదు’ అనేవాళ్లు చాలామంది.

1. రిజల్యూషన్ 3840×2160. జాబితాలో 4096×2160 కూడా ఉంటే అది సినిమా కొలత, తాకకండి. టీవీలో అన్ని పిక్సెళ్లు లేవు, కాబట్టి బొమ్మను నొక్కి ఇరికిస్తుంది.
2. విండోస్ ‘అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే’లో 60 హెర్ట్జ్, ప్యానెల్‌కు చేతనైతే 120.
3. రంగు ఫార్మాట్ ఆర్‌జీబీ, రేంజ్ ‘ఫుల్’ (నలుపు 0 నుంచి తెలుపు 255 దాకా; ‘లిమిటెడ్’ అంటే 16 నుంచి 235 దాకానే). ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ‘చేంజ్ రిజల్యూషన్’ పేజీ కింద ఉంటుంది, పై జాబితాలో ‘అల్ట్రా హెచ్‌డీ’ వర్గం కాక ‘పీసీ’ వర్గం కింద ఉన్న 3840×2160 ఎంచుకోండి. ఏఎండీలో ‘పిక్సెల్ ఫార్మాట్’ కింద ‘ఆర్‌జీబీ 4:4:4 ఫుల్’. ఇంటెల్‌లో ‘క్వాంటైజేషన్ రేంజ్’.
4. కంప్యూటర్ ఫుల్ పంపుతుంటే టీవీ కూడా ఫుల్ అందుకోవాలి. ‘హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్’ మెనూలో శాంసంగ్‌కు ‘నార్మల్’, ఎల్‌జీకి ‘హై’ అంటే ఫుల్. ‘లో’ అంటే రెండింటిలోనూ లిమిటెడ్.
5. డెస్క్‌టాప్‌లో హెచ్‌డీఆర్ (వెలుగు, రంగుల పరిధి పెంచే పద్ధతి) ఆఫ్. 60 హెర్ట్జ్ 4కె, 10 బిట్, ఆర్‌జీబీ కలిపి 18 గిగాబిట్లలో పట్టవు. కంప్యూటర్ గుట్టుగా 4:2:2కు (రంగు వివరం సగమయ్యే రకం) దిగిపోవచ్చు. సినిమా చూసేటప్పుడు ఆన్ చేసుకుంటే చాలు.
6. విండోస్ స్కేలింగ్ (అక్షరాలు, బొమ్మల పరిమాణం): 43 అంగుళాలకు 100 లేదా 125 శాతం. 
7. ఆఖరుకు విండోస్‌లో అక్షరాల అంచులు సరిచేసే ‘క్లియర్‌టైప్’ ట్యూనర్ నడపండి. కొన్ని టీవీల్లో పిక్సెల్ లోపల రంగుల వరుస తిరగేసి, నీలం మొదట వచ్చేలా ఉంటుంది. ట్యూనర్ చూపే నమూనాల్లో అంచుకు ఎరుపు, నీలం చారలు లేనిది ఎంచుకోండి.

## 8. పెయింట్‌లో మూడు పరీక్షలు

కళ్లకు బాగుందనిపించడం చాలదు, ఎందుకంటే కన్ను త్వరగా సర్దుకుపోతుంది. విండోస్ స్కేలింగ్ కాసేపు 100 శాతం చేసి, పెయింట్ తెరవండి.

రంగుల పరీక్ష. జూమ్ 800 శాతానికి పెంచి, ఒక పిక్సెల్ మందం పెన్సిల్‌తో ఒక ఎర్ర గీత, పక్కనే ఒక నీలి గీత, మళ్లీ ఎర్ర గీత, అలా ఓ ఇరవై నిలువు గీతలు ఆనించి గీయండి. జూమ్ 100కి తెచ్చి తెరకు ముఖం దగ్గర పెట్టి చూడండి. 4:4:4 వస్తుంటే గీతలు విడివిడిగా కనిపిస్తాయి. రాకపోతే ఎరుపు, నీలం కలిసిపోయి ఊదాగా మారతాయి. క్రోమా తగ్గించినప్పుడు వెలుగు ప్రతి పిక్సెల్‌కూ వెళుతుంది గానీ, రంగు రెండు పిక్సెళ్లకో నాలుగింటికో ఒక్కసారే వెళుతుంది. అందుకే తెలుపు మీద నల్ల అక్షరాలు బాగానే ఉండి, కోడ్ ఎడిటర్‌లో నల్లటి నేపథ్యం మీద ఎర్ర అక్షరాలు మాత్రం ఉబ్బినట్టుంటాయి. గీతలు నిలువుగానే గీయాలి. అడ్డంగా గీస్తే 4:2:2 కూడా పరీక్ష పాసైపోతుంది.

నలుపు పరీక్ష. కాన్వాస్ అంతా నలుపు నింపి, దాని మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ ఒకే అంకె ఇస్తూ 4, 8, 12, 16, 20 విలువలతో ఐదు గళ్లు వేయండి. 16 దాకా అన్నీ నలుపులో కలిసిపోతే కంప్యూటర్ ఫుల్ పంపుతోంది, టీవీ లిమిటెడ్ అనుకుంటోంది. గళ్లన్నీ కనిపిస్తూ అసలు నలుపే బూడిదలా ఉంటే దానికి తిరగబడిన కేసు.

అంచుల పరీక్ష. 3840×2160 బొమ్మకు నాలుగు వైపులా ఒక పిక్సెల్ తెల్ల గీత గీసి పీఎన్‌జీగా దాచి, ఫొటో వ్యూయర్‌లో ఫుల్ స్క్రీన్ చేయండి. నాలుగు గీతలూ పూర్తిగా కనిపించాలి.

## 9. నిద్ర, మేలుకొలుపు, శబ్దం

మానిటర్‌లా టీవీ కంప్యూటర్‌తో పాటు పడుకుని లేవదు. కంప్యూటర్ నిద్రపోతే ‘నో సిగ్నల్’ అని చూపించి, కొన్ని నిమిషాలకు ఆఫ్ అవుతుంది. లేపాలంటే రిమోట్ కావాలి. మామూలు గ్రాఫిక్స్ కార్డులు టీవీని ఆన్ చేసే సీఈసీ సంకేతం పంపలేవు. దానికి విడిగా యూఎస్‌బీ–సీఈసీ అడాప్టర్ దొరుకుతుంది, రాస్‌బెర్రీ పైలో అయితే సీఈసీ పుట్టుకతోనే ఉంది. రిమోట్‌ను బల్ల అడుగున వెల్క్రోతో అంటించుకోవడం అంతకంటే సులువు.

వెలుగును కీబోర్డు నుంచి మార్చే డీడీసీ యాప్‌లు కూడా చాలా టీవీలతో పని చేయవు. టీవీ ఆఫ్ చేసినప్పుడు విండోలన్నీ పక్క తెర మీదికి గుంపుగా చేరుతుంటే, విండోస్ 11 డిస్‌ప్లే సెట్టింగుల్లో మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద విండోల చోటు గుర్తుంచుకునే టిక్ పెట్టండి. శబ్దం స్పీకర్ల నుంచి కాక టీవీ నుంచి వస్తుంటే సౌండ్ అవుట్‌పుట్ మార్చండి, అంతే.

## 10. ఓఎల్‌ఈడీ అయితే

కదలని బొమ్మే దీనికి శత్రువు, దాని మచ్చ తెర మీద మిగిలిపోవచ్చు. టాస్క్‌బార్ ఆటో హైడ్, నల్ల వాల్‌పేపర్, 5 నిమిషాలకు తెర ఆఫ్, టీవీలో పిక్సెల్ షిఫ్ట్ ఆన్. వీటితో పాటు చాలామంది మరిచేది ఒకటుంది: రాత్రిపూట స్విచ్‌బోర్డు దగ్గర కరెంటు కట్టేయకండి. ఈ టీవీలు స్టాండ్‌బైలో ఉన్నప్పుడే ప్యానెల్‌ను సరిచేసుకునే పని నడుపుతాయి. పొదుపు అనుకుని కట్టేస్తే అసలుకే మోసం. బొమ్మ కదలకుండా ఉంటే వెలుగు నెమ్మదిగా దిగిపోవడం దీని కాపుదల, సర్వీస్ మెనూలోకి దూరి దాన్ని తీసేయకండి.

## 11. ఇంకా తేడా ఉంటే

- 60 హెర్ట్జ్ కనిపించడం లేదు: పోర్టు తెరిచారా, కేబుల్ తీసి గుచ్చారా, మధ్యలో హబ్ ఉందా? హబ్ తీసి నేరుగా తగిలించి చూడండి.
- రెండు మూడు క్షణాలు తెర నల్లబడి వస్తోంది: కేబుల్ అనుమానించండి. పొట్టి కేబుల్‌తో ఆగితే అదే కారణం. ఆగకపోతే 120 నుంచి 60కి దించండి.
- మౌస్ వెనకబడుతోంది: పీసీ లేదా గేమ్ మోడ్ జారిపోయింది. కేబుల్‌ను వేరే పోర్టుకు మార్చినప్పుడు ఇలా అవుతుంది, ఎందుకంటే ఈ సెట్టింగులు పోర్టుకొకటిగా దాచి ఉంటాయి.
- మ్యాక్‌లో అక్షరాలు మసక: టీవీ అనుకుని ఆర్‌జీబీ మానేసి వైసీబీసీఆర్ (వెలుగును, రంగును విడదీసి పంపే వీడియో ఫార్మాట్) పంపుతుండవచ్చు. ముందు టీవీని పీసీ మోడ్‌లో పెట్టి కేబుల్ మళ్లీ గుచ్చండి. పాత మ్యాక్‌ఓఎస్‌లలో డిస్‌ప్లే సెట్టింగుల్లో ఆప్షన్ కీ పట్టుకుని ‘స్కేల్డ్’ నొక్కితే దాగిన రిజల్యూషన్లు బయటికొస్తాయి.
- లినక్స్‌లో నలుపు వెలిసినట్టుంది: ఇంటెల్ గ్రాఫిక్స్ అయితే తెర సెట్టింగులు మార్చే ‘ఎక్స్‌ర్యాండర్’ కమాండ్‌లో ‘బ్రాడ్‌కాస్ట్ ఆర్‌జీబీ’ని ‘ఫుల్’ చేయండి.
- కళ్లు లాగుతున్నాయి, సెట్టింగులన్నీ సరే: ఫోన్ కెమెరాలో షట్టర్ వేగం పెంచి తెల్ల పేజీని చూడండి. నల్ల పట్టీలు పరిగెడుతుంటే బ్యాక్‌లైట్ మినుకుతోంది. బ్యాక్‌లైట్ పెంచితే మినుకు తగ్గే మోడళ్లున్నాయి, అప్పుడు తెర వెలుగు తగ్గించే బదులు గది దీపం పెంచి సర్దుకోండి. పూర్తి వెలుగులో కూడా పట్టీలు పోకపోతే ఆ టీవీ సినిమాలకు పంపించి వేరేది చూసుకోవాల్సిందే.